చిటికెన వేలి చుట్టూ గాడి

కాలి చిటికెన వేలు దానంతట అదే ఊడిపోయే జబ్బు ఒకటుందని మీకు తెలుసా? దెబ్బ తగలనక్కర్లేదు, పురుగు కుట్టనక్కర్లేదు. వేలు అరికాలితో కలిసే చోట, అడుగున లోపలివైపు మడతలో ముందు ఒక సన్నని గీత కనిపిస్తుంది. ఆ గీత లోతై గాడి అవుతుంది. గాడి మెల్లగా వేలి చుట్టూ తిరిగి వలయంగా కలిసిపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ వలయం బిగుసుకుంటుంది, లోపలి ఎముక సన్నబడుతుంది, చివరికి వేలు రాలిపోతుంది. దీని పేరు ఐన్‌హమ్. ఎక్కువగా ఆఫ్రికా సంతతి వారిలో, 30 నుంచి 50 ఏళ్ళ వయసులో వస్తుంది. మనదేశంలోనూ అడపాదడపా కేసులు బయటపడ్డాయి.

అరుదైన జబ్బే. కానీ ఇలా వేలిని బిగించే గాడి వేరే జబ్బుల్లోనూ పడుతుంది. ముఖ్యంగా అరచేతులు, అరికాళ్ళ చర్మం పుట్టుకతోనే మందంగా ఉండే జబ్బుల్లో. గాడి ఎందుకు పడిందో వెతుక్కుంటూ వెళ్ళిన వైద్యులకు దారిలో ఎన్ని విశేషాలు ఎదురయ్యాయో చూడండి.

బహియా డాక్టర్లు, మన బోదకాలు

ఐన్‌హమ్ గురించి వివరంగా రాసి వైద్య ప్రపంచానికి చెప్పినవాడు జోసె ఫ్రాన్సిస్కో ద సిల్వా లిమా. పోర్చుగల్‌లో పుట్టి, బ్రెజిల్‌లోని బహియాలో వైద్యం చేసినవాడు. 1867లో తాను చూసిన రోగుల వివరాలను 'గజెటా మెడికా ద బహియా' అనే వైద్య పత్రికలో అచ్చువేశాడు. ఆ రోగులు పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో తెచ్చినవాళ్ళు. వాళ్ళు తమ భాషలో ఈ జబ్బును ఏమని పిలుచుకునేవారో ఆ పేరునే సిల్వా లిమా ఉంచేశాడు. లాటిన్ పేరు ఒకటి తరవాత చేరినా, ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో నిలిచింది ఆ బానిసల మాటే. నాకు ఈ సంగతి చాలా నచ్చింది. బానిసల పేర్లు చరిత్రలో మిగలకపోయినా, తమ నొప్పికి వాళ్ళు పెట్టుకున్న పేరు మిగిలింది.

అదే ఊళ్ళో, అదే వైద్య బృందంలో సిల్వా లిమాకు ఒక మిత్రుడుండేవాడు. పేరు ఒట్టో వుకెరర్. 1866లో ఒక రోగి మూత్రాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, వేరే పురుగు కోసం వెతుకుతుంటే, ఎవరూ అనుకోని సన్నని పురుగు పిల్లలు కనిపించాయి. అవి బోదకాలు పురుగు పిల్లలు. గోదావరి జిల్లాల్లోనూ, కోస్తా పల్లెల్లోనూ ఎన్ని కాళ్ళను ఏనుగు కాళ్ళుగా మార్చిందో మనకు తెలిసిన ఆ పురుగు శాస్త్రీయ నామం వుకెరేరియా బాన్‌క్రాఫ్టి. మొదటి సగం ఈ బహియా డాక్టరు పేరే. పాదానికి వచ్చే రెండు జబ్బుల కథలూ ఏడాది తేడాలో ఒకే ఊళ్ళోంచి బయటికొచ్చాయి.

చిటికెన వేలికే ఎందుకు?

సరైన కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇంకా తేల్చి చెప్పలేదు. చెప్పులు లేకుండా నడిచేవాళ్ళలో ఎక్కువ కనబడింది కాబట్టి, మడత దగ్గర చర్మం పదేపదే చిట్లి, మానుతూ, మళ్ళీ చిట్లుతూ ఉంటే లోపల నార కణజాలం పేరుకుని బిగుస్తుందన్నది ఎక్కువమంది చెప్పే మాట. కొందరు రోగుల కాళ్ళకు రక్తనాళాల ఎక్స్‌రేలు తీసి చూస్తే, పాదంలోకి వచ్చే నాళాలు సన్నబడి కనిపించాయి. పాదానికి నెత్తురు అందే తీరులోనే లోపం ఉండొచ్చన్న వాదన దాంతో మొదలైంది. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. చెప్పులు వేసుకునేవారికి రాకుండా పోలేదు కాబట్టి కేవలం ఉత్తకాళ్ళ నడకే కారణమని అనలేం.

చాలామందిలో రెండు కాళ్ళ చిటికెన వేళ్ళకూ వస్తుంది. ఒక కాలికి మొదలైతే రెండోదాన్ని కూడా విడదీసి చూడాలి.

నాలుగు మెట్లు

వైద్యులు ఈ జబ్బును నాలుగు దశలుగా చెబుతారు. మొదటి దశలో గాడి మాత్రమే ఉంటుంది. రెండో దశలో గాడి అడుగున పుండు పడుతుంది. మూడో దశలో ఎముక దెబ్బతింటుంది. నాలుగో దశలో వేలు ఊడిపోతుంది. మొదటి మెట్టు నుంచి చివరిదాకా సగటున 5 సంవత్సరాలు పడుతుందని అంచనా.

ఆ ఐదేళ్ళలో వేలు ఎలా మారుతుందో దగ్గర నుంచి చూడాలి. గాడికి అవతల ఉన్న భాగం ఉబ్బి గుండ్రంగా తయారవుతుంది. గాడి ఎంత లోతున ఉంటుందంటే పక్కవేలిని జరిపి వేళ్ళసందు విప్పితే తప్ప కనబడదు. పైనుంచి చూస్తే వేలు వాచిందనే అనుకుంటారు. ఎముక సన్నబడ్డాక వేలు పట్టు తప్పి పక్కకు తిరిగిపోతుంది, గోరు బయటివైపు చూస్తుంటుంది. అప్పుడు నడుస్తుంటే అది ఊగుతూ, దేనికో ఒకదానికి తగులుకుంటూ ప్రాణం తీస్తుంది. ఆ బాధ పడలేక తామే కోసేసుకున్న రోగుల గురించి వైద్య గ్రంథాల్లో ఉంది. విచిత్రమేమిటంటే, వేలు పోయాక గాయం సాధారణంగా త్వరగానే మానుతుంది, నొప్పీ పోతుంది.

మొదటి రెండు దశల్లో వస్తే వేలిని కాపాడే వీలుంటుంది. గాడిలోని బిగుసుకున్న పట్టీని కోసి తీసేసి, ఆ చోట చర్మాన్ని కొత్తగా కుడతారు. ఈ కుట్టులో ఒక లెక్క ఉంది. గాడికి అడ్డంగా ఇంగ్లీషు జెడ్ అక్షరం ఆకారంలో కోసి, ఏర్పడిన రెండు త్రికోణాల చర్మాన్ని ఒకదాని స్థానంలోకి ఒకటి మార్చి కుడితే, ఆ దిశలో చర్మం పొడుగు పెరుగుతుంది. కోణం 60 డిగ్రీలుంటే లెక్క ప్రకారం 75 శాతం పెరుగుతుంది. కొత్త చర్మం తెచ్చి అతికించనక్కర్లేదు. ఉన్నదాన్నే తిప్పి కుట్టి బిగువు వదిలిస్తారు. కాలిన గాయాల తరవాత మెడ, మోచేయి ముడుచుకుపోయినవారికి మన ఆస్పత్రుల్లో ప్లాస్టిక్ సర్జన్లు చేసేది కూడా ఈ జెడ్ కోతే.

అచ్చం అలాగే ఉంటుంది, అది కాదు

గాడి పడిన ప్రతి వేలూ ఐన్‌హమ్ కాదు. వేరే జబ్బు మూలంగా అలాంటి గాడే పడితే దాన్ని సూడో ఐన్‌హమ్ అంటారు. ఇది కాలివేళ్ళకే కాదు, చేతివేళ్ళకూ వస్తుంది, పిల్లలకూ వస్తుంది. కుష్ఠు, సోరియాసిస్, చర్మం గట్టిపడే స్క్లిరోడెర్మా, మధుమేహం, వెన్నుపాములో నీటి బుడగ ఏర్పడే జబ్బు, ఇలా చాలా పెద్ద పట్టీ ఉంది. అందులో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినవి మందపాటి చర్మపు జబ్బులు. వీటన్నిటికీ కలిపి కెరటోడెర్మా అని పేరు. పని చేసి చేసి అరచేతుల్లో కాయలు కాయడం, చెప్పు ఒత్తుకుని ఆనెకాయ రావడం మామూలు విషయాలు. కెరటోడెర్మా అలా కాదు. చాలా రకాల్లో పసితనం నుంచే అరచేతులూ అరికాళ్ళూ మొత్తంగా పసుపురంగు తిరిగి, దళసరిగా, గట్టిగా తయారవుతాయి.

రెప్ప నుంచి అరికాలి దాకా

కంటి రెప్ప మీద పైచర్మం మందం సుమారు 0.05 మిల్లీమీటర్లు. అరికాల్లో సుమారు 1.5 మిల్లీమీటర్లు. అంటే ముప్ఫై రెట్లు. ఒకే శరీరం, ఒకే రకం కణాలు, ఇంత తేడా! అరచేతిలోనూ అరికాల్లోనూ తప్ప ఇంకెక్కడా దాదాపు తయారుకాని కెరటిన్ అనే చర్మపు ప్రొటీన్ రకం ఒకటుంది. దాని వరస సంఖ్య 9. ఆ కెరటిన్ జన్యువులో లోపం వస్తే శరీరమంతా చర్మం మామూలుగా ఉండి, అరచేతులూ అరికాళ్ళూ మాత్రమే మందమవుతాయి.

పైచర్మం కణాలు అడుగు పొరలో పుట్టి, పైకి జరుగుతూ జరుగుతూ, చచ్చి, గట్టి పెంకుల్లా మారి, చివరికి రాలిపోతాయి. సుమారు నెల రోజుల ప్రయాణం. ఆ పెంకు తయారీకి వాడే ప్రధానమైన ప్రొటీన్ లోరిక్రిన్. పెంకులో ఎక్కువ భాగం అదే. ఈ ప్రయాణంలో ఎక్కడ తేడా వచ్చినా పెంకులు రాలకుండా పేరుకుంటాయి. మందపాటి చర్మం వంగదు. కానీ వేలు వంగక తప్పదు. అందుకే కణుపు మడతల్లో చర్మం నిలువునా చిట్లుతుంది. చిట్లిన చోట మచ్చ కణజాలం పెరుగుతుంది, మచ్చ బిగుస్తుంది. గాడి పుట్టేది ఇలాగే అని వైద్యుల అంచనా.

వేలిని కోసే తేనెపట్టు

1929లో ఫోవింకెల్ అనే జర్మన్ వైద్యుడు ఒక వంశపారంపర్య జబ్బు గురించి రాశాడు. అరచేతులు, అరికాళ్ళ మందపాటి చర్మం మీద చిన్న చిన్న గుంటలు దగ్గర దగ్గరగా, తేనెపట్టు గదుల్లా ఉంటాయి. చేతి కణుపుల వెనకవైపు, మోకాళ్ళ మీద, మోచేతుల మీద గట్టి మచ్చలు లేస్తాయి. వాటికి అంచులు ఐదారు కొమ్ములుగా సాగి సముద్ర నక్షత్రాల్లా కనిపిస్తాయి. అందులో ఒక రకం వాళ్ళకు వినికిడి కూడా తగ్గుతుంది. ఇక మూడో లక్షణం, జబ్బు పేరులోనే 'అంగవైకల్యం కలిగించేది' అన్న మాట చేర్చినది, వేళ్ళ చుట్టూ బిగిసే గాడులు. చిన్నతనంలో మొదలైన మందం కొన్నాళ్ళకు వేళ్ళనే తెంపే స్థితికి తెస్తుంది.

అరికాలి చర్మానికీ చెవికీ ఏమిటి సంబంధం? సమాధానం 1999లో దొరికింది. కనెక్సిన్ 26 అనే ప్రొటీన్‌లో 66వ స్థానంలో ఉండాల్సిన అమైనో ఆమ్లం మారిపోవడమే ఈ జబ్బుకు కారణమని తేలింది. కనెక్సిన్లు ఆరు కలిసి ఒక కణం గోడలో చిన్న గొట్టంగా నిలబడతాయి. పక్క కణం గోడలోనూ అలాంటి గొట్టమే ఉంటుంది. రెండూ ఎదురెదురుగా అతుక్కుంటే ఒక కణంలోంచి ఇంకో కణంలోకి లవణాలు, చిన్న చిన్న అణువులు నేరుగా పారుతాయి. చర్మ కణాలు తమ ఎదుగుదలను ఒకదానితో ఒకటి సర్దుకునేది ఈ దారుల్లోనే. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించాక పొటాషియం మళ్ళీ వెనక్కి చేరాల్సిందీ ఈ దారుల్లోనే. అందుకే ఒకే లోపం రెండుచోట్లా బయటపడుతుంది.

వినికిడి మామూలుగా ఉండి, ఒళ్ళంతా పొలుసులు లేచే ఇంకో రకం ఉంది. దాని కారణం అంతకు మూడేళ్ళ ముందే, 1996లో దొరికింది. ఇందాక చెప్పిన లోరిక్రిన్ జన్యువులోని లోపమే అది.

మన ఇళ్ళలో అదే జన్యువు

ఈ కనెక్సిన్ 26 జన్యువు మనకు పరాయిది కాదు. పుట్టుకతో వచ్చే వంశపారంపర్య చెవుడుకు ప్రపంచంలో అత్యధికంగా కారణమయ్యే జన్యువుల్లో ఇది ముందుంటుంది. భారతదేశంలో ఎక్కువగా కనిపించే మార్పులో, ప్రొటీన్ తయారీ 24వ స్థానం దగ్గరే ఆగిపోతుంది. అంటే ప్రొటీన్ ఉండదు. అయినా ఆ పిల్లల అరికాళ్ళు మామూలుగానే ఉంటాయి! ప్రొటీన్ అసలు లేకపోతే చర్మం వేరే కనెక్సిన్లతో నెట్టుకొస్తుంది. ఉండి తప్పుగా పనిచేస్తే మాత్రం ఆ చుట్టుపక్కల గొట్టాలను కూడా చెడగొడుతుంది. లేకపోవడం కన్నా తప్పుగా ఉండడమే చర్మానికి ఎక్కువ ప్రమాదమన్నమాట.

వంశంలో దిగే తీరు కూడా వేరు. ఫోవింకెల్ జబ్బుకు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క చెడ్డ ప్రతి వచ్చినా చాలు. 24వ స్థానం దగ్గర ఆగిపోయే చెవుడుకు రెండువైపుల నుంచీ రావాలి. మేనరికాలు ఎక్కువున్న మన ప్రాంతంలో రెండోరకానికి అవకాశం పెరుగుతుంది. పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష చేయించడం అందుకే అవసరం. బిడ్డ అరచేతులు, అరికాళ్ళు దళసరిగా కనిపిస్తే మరీ అవసరం. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు చెవుల సంగతీ, చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అరికాళ్ళ సంగతీ చెప్పాలని తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. చెప్పాలి.

ఒక దీవి, ఒక పాము

క్రొయేషియా తీరాన ఏడ్రియాటిక్ సముద్రంలో మ్లెట్ అనే పొడవాటి దీవి ఉంది. పాత పేరు మెలేడా. అక్కడి కొన్ని కుటుంబాల్లో చేతులూ కాళ్ళూ గట్టిపడి, ఆ మందం అరచేయి దాటి పైకి పాకి, చేతికి గ్లౌజులూ కాలికి మేజోళ్ళూ తొడిగినట్టు కనిపించేది. చెమట, దుర్వాసన, వేళ్ళ చుట్టూ గాడులు. 1826లో దుబ్రోవ్నిక్ వైద్యుడు లూకా స్తుల్లి దాని గురించి రాశాడు. జనం కుష్ఠని భయపడిన చోట, ఇది అంటువ్యాధి కాదు, కుటుంబాల్లో దిగేదని గుర్తించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఇప్పటికీ వైద్యులు దీన్ని 'మెలేడా జబ్బు' అనే పిలుస్తారు. చిన్న దీవి, దగ్గర సంబంధాల్లోనే పెళ్ళిళ్ళు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వస్తేనే వచ్చే జబ్బు అక్కడ పోగుపడింది.

2001లో దాని జన్యువు దొరికింది. అది తయారుచేసే చిన్న ప్రొటీన్ ఆకారం చూసి శాస్త్రవేత్తలకు పాములు గుర్తొచ్చాయి. కట్లపాము జాతి విషంలో నరాలను స్తంభింపజేసే ప్రొటీన్లు మూడు వేళ్ళు చాచినట్టు మడతపడి ఉంటాయి. మన చర్మంలోని ఈ ప్రొటీన్ కూడా ఆ కుటుంబానిదే. విషం ఏ రకం గ్రాహకాలకు అంటుకుంటుందో, ఇది చర్మంలో అలాంటి గ్రాహకాల మీదే పనిచేస్తూ కణాల పెరుగుదలను అదుపులో పెడుతుంది. అది లేకపోతే చర్మానికి పగ్గం ఉండదు.

కర్పూరం, వాము, లవంగం

1927లో ఓల్మ్‌స్టెడ్ అనే అమెరికన్ వైద్యుడు చెప్పిన జబ్బు ఈ పట్టీలో అతి కఠినమైనది. అరికాళ్ళు పగిలి నడవనివ్వవు, నోటి చుట్టూ ఇతర రంధ్రాల చుట్టూ గట్టి పొలుసులు, భరించలేని దురద, మంట. వేళ్ళ చుట్టూ గాడులు పడి తెగిపోవడమూ ఉంది.

2012లో చైనా పరిశోధకులు దీని మూలాన్ని టీఆర్‌పీవీ3 అనే ప్రొటీన్‌లో కనుగొన్నారు. చర్మకణాల గోడల్లో ఉండే ఒక ద్వారం అది. గోరువెచ్చదనం తగిలితే తెరుచుకుంటుంది. మనం గోరువెచ్చని నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయని గుర్తుపట్టడంలో దాని పాత్ర ఉంది. వేడి ఒక్కటే కాదు, కర్పూరం తగిలినా తెరుచుకుంటుంది. వాములో ఉండే థైమాల్‌కు, లవంగంలో ఉండే యూజినాల్‌కు కూడా. పూజగదిలో ఉండే కర్పూరం, పోపులపెట్టెలో ఉండే వాము, లవంగం తలుపు తట్టేది ఈ ద్వారాన్నే. ఓల్మ్‌స్టెడ్ రోగుల్లో ఆ ద్వారం మూతపడాల్సినప్పుడు మూతపడదు. కాల్షియం లోపలికి పారుతూనే ఉంటుంది, చర్మం పెరుగుతూనే ఉంటుంది.

ఆ ద్వారం నుంచి మొదలయ్యే పెరుగుదల సంకేతాలను అడ్డుకోవడానికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే ఎర్లోటినిబ్ అనే మాత్రను కొందరు ఓల్మ్‌స్టెడ్ రోగులకు ఇచ్చి చూశారు. 2020లో వచ్చిన నివేదిక ప్రకారం వాళ్ళ అరికాళ్ళు పలచబడ్డాయి, నొప్పి తగ్గింది. దాదాపు వందేళ్ళ కిందట పేరు మాత్రమే ఉన్న జబ్బుకు కారణం తెలిశాక ఎనిమిదేళ్ళలో మందు దారి కనిపించింది. ఇది చదివినప్పుడు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

గాడి వదులైన సందర్భాలు

మందపాటి చర్మం వల్ల పడిన గాడిని కత్తితోనే కాదు, కొన్నిసార్లు మందుతోనూ ఆపొచ్చు. విటమిన్ ఏ నుంచి తయారైన రెటినాయిడ్ మాత్రలు చర్మపు పెంకుల తయారీని సరిదిద్దుతాయి. ఫోవింకెల్ జబ్బులో ఈ మాత్రలు వాడాక బిగిసిన వలయం వదులై, వేలు నిలిచిన సందర్భాలున్నాయి. కానీ ఇవి కడుపులో బిడ్డకు తీవ్రమైన హాని చేస్తాయి. వీటిలో ఎసిట్రెటిన్ మానేసిన తరవాత కూడా 3 సంవత్సరాల పాటు గర్భం రాకుండా చూసుకోమంటారు. పెళ్ళి కావలసిన అమ్మాయికి ఈ మాత్ర రాసేటప్పుడు డాక్టరు ఆ మాట విడమరిచి చెప్పాలి, ఇంట్లోవాళ్ళు మొహమాటపడకుండా అడగాలి. పైపూతగా యూరియా, సాలిసిలిక్ ఆమ్లం కలిపిన లేపనాలు, నీళ్ళలో నానబెట్టి మందాన్ని గీకడం రోజువారీ సంరక్షణ. బ్లేడుతో ఇంట్లో చెక్కుకోవడం మాత్రం వద్దు.

స్పర్శ చెప్పే తేడా

వేళ్ళు పొట్టిబడితే మన ఊళ్ళలో ముందు వచ్చే అనుమానం కుష్ఠు. తేడా తెలుసుకోవడానికి మొదటి పరీక్షకు దూదిపింజ చాలు. కుష్ఠులో నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది, నొప్పి తెలియక దెబ్బలు తగిలి పుళ్ళు పడి వేళ్ళు అరిగిపోతాయి. ఐన్‌హమ్‌లో స్పర్శ సాధారణంగా ఉంటుంది, చాలామందికి నొప్పి కూడా ఉంటుంది. కుష్ఠు అయినా భయపడాల్సింది లేదు. మూడు మందులు కలిపిన చికిత్స 1980ల నుంచి ఉంది, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆస్పత్రి మొదలైనప్పుడు డాక్టర్ ఇసబెల్ కెర్ చేతిలో ఈ మందులేవీ లేవు. అయినా ఊరు వెలివేసినవాళ్ళను చేరదీసి చూసింది.

సూడో ఐన్‌హమ్ పట్టీలో యాస్ అనే పాత జబ్బు కూడా ఉంది. అడవి ప్రాంతాల్లో పేద గిరిజనుల పిల్లలకు చర్మం ద్వారా అంటుకునే ఈ జబ్బులో అరికాళ్ళు మందంగా పగిలి, అడుగు నేల మీద ఆనించలేక పాదాల అంచుల మీద పీతలా నడిచేవారు. ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. 1996లో ఒడిశాలోని కోరాపుట్‌లో మొదలైన నిర్మూలన కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌తో సహా జబ్బున్న రాష్ట్రాలకు విస్తరించింది. ఆరోగ్య కార్యకర్తలు గూడెం గూడానికీ నడిచి వెళ్ళి పిల్లల కాళ్ళూ చేతులూ చూశారు. చివరి కేసు 2003లో. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో యాస్ లేదని ధ్రువపరిచింది. అంత పెద్ద విజయం గురించి మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ.

గ్రహణం కాదు

కొందరు పిల్లలు పుట్టడమే వేలి చుట్టూ, ఒక్కోసారి కాలి పిక్క చుట్టూ గాడితో పుడతారు. కొన్ని వేళ్ళ కొసలు ఉండకపోవచ్చు. గర్భంలో బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీటి సంచి లోపలి పొర చిరిగి, దారాల్లా విడివడి, వేళ్ళకు చుట్టుకోవడం వల్ల ఇలా జరుగుతుందన్నది ప్రధానమైన సిద్ధాంతం. 1,200 కాన్పుల్లో ఒకటి నుంచి 15,000లో ఒకటి దాకా రకరకాల అంచనాలున్నాయి. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళకు ఎక్కువ. పొర చిరగడానికి తల్లి చేసిన పని ఏదీ కారణం కాదు. గ్రహణం రోజు కూరగాయలు తరగడం అసలు కారణం కాదు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్న బాలింతను అత్తవారింట్లో ఆ మాట అనే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా రాయాల్సి వస్తోంది. ఇలాంటి పిల్లలకూ ఆ జెడ్ కోతే ఆధారం.

అమ్మ తల వెంట్రుక

ఇప్పుడు చెప్పేది అరుదైన జబ్బు కాదు, ఏ ఇంట్లోనైనా జరగొచ్చు. మూడు నాలుగు నెలల బిడ్డ. పాలు తాగింది, పొట్ట మెత్తగా ఉంది, జ్వరం లేదు. అయినా గుక్కపట్టి ఏడుస్తోంది. వాము నీళ్ళు పట్టి, దిష్టి తీసి చూశారు, ఏడుపు ఆగలేదు. అప్పుడు మేజోడు తీసి కాలివేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి చూడండి. ఒక వేలు ఎర్రగా వాచి, మొదట్లో సన్నని గాడి ఉంటే, ఆ గాడిలో వెంట్రుక ఉండొచ్చు.

కాన్పయిన రెండు మూడు నెలలకు తల్లికి జుట్టు విపరీతంగా ఊడుతుంది. అది సహజమే, మళ్ళీ వస్తుంది. ఆ వెంట్రుకలు పక్కబట్టల్లో, మేజోళ్ళలో, చేతి తొడుగుల్లో చేరతాయి. బిడ్డ కాళ్ళు ఆడిస్తుంటే వేలికి చుట్టుకుంటాయి. తడిసిన వెంట్రుక సాగుతుంది, ఆరాక బిగుస్తుంది. వాపు పెరిగేకొద్దీ వెంట్రుక చర్మంలోకి దిగిపోయి పైకి కనబడకుండా పోతుంది. గంటలు గడిస్తే నెత్తురు అందక వేలు నల్లబడుతుంది. మేజోళ్ళ లోపలి ఊడిన దారం కూడా ఇదే పని చేస్తుంది.

మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో చూసి, వెంట్రుక కొస దొరికితే మెల్లగా విప్పొచ్చు. దొరక్కపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. చర్మం చిట్లకపోతే అక్కడ డాక్టర్లు ఒక్కోసారి వాడేది అవాంఛిత రోమాలు తీసే క్రీము! అది వెంట్రుకలోని గంధకపు బంధాలను కరిగించి కొద్ది నిమిషాల్లో తెంచేస్తుంది. దారం మీద మాత్రం పనిచేయదు, అప్పుడు కోయాల్సిందే. వెంట్రుక ఒక్కటే అనుకోకూడదు, రెండు మూడు చుట్లు ఉండొచ్చు. తీశాక వేలు గులాబీరంగుకు తిరిగి వచ్చిందో లేదో డాక్టరే చూసి చెప్పాలి. బిడ్డ మేజోళ్ళను తొడిగేముందు లోపలివైపు తిరగేసి దులపడం, పక్కబట్టలు విదిలించి పరచడం అలవాటు చేసుకుంటే సరిపోతుంది. మొలతాడు, కాలికి కట్టే నల్లతాడు కూడా బిడ్డ పెరిగేకొద్దీ వదులు చేస్తూ ఉండాలి. కింద ఒక వేలు దూరేంత ఖాళీ ఉండాలి.

మెట్టెలు బిగిస్తే

నెలలు నిండేకొద్దీ గర్భిణి పాదాలు వాస్తాయి. కొత్తగా పెళ్ళయి, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి మెట్టెలు తీయకూడదని ఓర్చుకుంటూ ఉంటుంది. వేలికి గుర్తు పడుతుంటే, పైభాగం ఎర్రబడుతుంటే తీసేయాలి. మంగళసూత్రం మెళ్ళో ఉంది, మెట్టెలు కాన్పయ్యాక పెట్టుకోవచ్చు. షుగర్ ఉండి పాదాల్లో తిమ్మిరి వచ్చిన పెద్దవాళ్ళకు మెట్టె బిగిసినా తెలియదు కాబట్టి కళ్ళతో చూసుకోవాల్సిందే.

బిగిసిన మెట్టెను లాగొద్దు. కాలు పైకెత్తి దిండు మీద కాసేపు పెట్టి, చల్లని నీళ్ళ గుడ్డ వేస్తే వాపు కొంత తగ్గుతుంది. తరవాత సబ్బు నురుగో నూనో రాసి తిప్పుతూ తీయాలి. అప్పటికీ రాకపోతే దారం ఉపాయం ఉంది. నున్నని దారం కొసను మెట్టె కిందనుంచి దూర్చి, మిగతా దారాన్ని మెట్టె నుంచి గోరు వైపు దగ్గర దగ్గరగా, వాపును అణిచేలా చుట్టాలి. కింద దూర్చిన కొస పట్టుకుని గోరు వైపు విప్పుతూ పోతే చుట్ల మీదుగా మెట్టె జరుగుతూ వస్తుంది. వేలు అప్పటికే నీలంగా మారినా, పుండు ఉన్నా ఈ ఉపాయం చేయకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్ళాలి. అక్కడ చిన్న రంపంతో మెట్టెను కోసేస్తారు. కోసిన వెండిని కంసాలి అతికించి ఇస్తాడు.